ఎగువ ఊరు... దిగువ ఊరు... తెహరాన్!

'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' చూశారా? చూసినవాళ్లకి ఒక దృశ్యం గుర్తు చేస్తాను. చిన్నపిల్ల జహ్రా బడి నుంచి పరుగెత్తుకొస్తోంది. కాళ్లకున్నవి అన్నయ్య బూట్లు, ఆమెకి బాగా వదులు. ఒక బూటు జారి రోడ్డు పక్క కాలవలో పడుతుంది. నీళ్లు దాన్ని లాక్కుపోతుంటే ఆ పిల్ల ఏడుపు మొహంతో వెంటపడి పరుగెడుతుంది. ఉన్నదే ఆ ఒక్క జత. అదీ అన్నా చెల్లెలూ వంతులవారీగా తొడుక్కోవాలి. చూస్తున్న మన ప్రాణం ఆ బూటు వెంటే పోతుంది. మజీద్ మజీదీ 1997లో తీసిన ఈ ఇరాన్ సినిమా ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది. ప్రియదర్శన్ దీన్నే 2010లో 'బమ్ బమ్ బోలే' పేరుతో హిందీలో తీశారు.

అది చూసినప్పటి నుంచీ నాకో సందేహం. కాలవలో నీళ్లు అంత జోరుగా ఎందుకు పోతాయండీ? మన ఊళ్లో కాలవలో చెప్పు పడితే అక్కడే కూర్చుంటుంది కదా! ఆ సందేహం 2018 ఏప్రిల్ ఆఖరి వారంలో తెహరాన్ వెళ్లాక గాని తీరలేదు.

ఊరంతా వాలే

ఇరాన్ రాజధాని తెహరాన్ అల్బోర్జ్ పర్వతాల పాదాల దగ్గర ఉంది. పాదాల దగ్గర అంటే ఎక్కడో పక్కన మైదానంలో కాదు. మన అమ్మమ్మలు నీళ్లు పోయడానికి పసిపిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుంటారు చూశారూ, అలా కొండ కాళ్ల మీదే ఊరంతా పడుకుని ఉంది. దక్షిణాన రైల్వే స్టేషన్ దగ్గర ఎత్తు సుమారు 1,100 మీటర్లు. ఉత్తరాన తజ్రీష్ సెంటర్ దగ్గర 1,600 మీటర్లు. ఊరు దాటకుండానే తిరుమల కొండ సగంపైన ఎక్కినట్టు లెక్క! 2016 జనాభా లెక్కల ప్రకారమే 87 లక్షల మంది ఆ వాలు మీద కాపురముంటున్నారు.

కొండ మీద మంచు కరిగిన నీళ్లు వసంతకాలంలో రోడ్డు పక్క కాలవల్లోంచి గలగలా కిందికి దిగుతాయి. వీటిని అక్కడ 'జూబ్' అంటారు. జహ్రా బూటు పడింది ఇలాంటి జూబ్‌లోనే. వాలు మీద నీళ్లు ఆగుతాయా మరి!

తెహరాన్‌వాళ్లు తమ ఊరి గురించి చెప్పేటప్పుడు ఉత్తరం, దక్షిణం అనడంతోనే ఆగరు. 'బాలా', 'పాయీన్' అంటారు. అంటే ఎగువ, దిగువ. డబ్బున్నవాళ్లు ఉండేది బాలా షహర్. లేనివాళ్లు ఉండేది పాయీన్ షహర్. కొండ నీళ్లు ముందు ఎగువవాళ్ల గుమ్మం ముందు నుంచే పోతాయి. చల్లగాలి తగిలేదీ ముందు వాళ్లకే. దిగువకి వచ్చేసరికి నీళ్లు మురికవుతాయి, గాలి పొగవుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే తెహరానూ అర్థమవుతుంది, తెహరాన్ సినిమాలూ అర్థమవుతాయి.

అమితాబ్ పేరు చెప్పినా తగ్గని కిరాయి

విమానాశ్రయం ఊరికి దక్షిణాన చాలా దూరంలో ఉంది. టాక్సీ ఎక్కితే అక్కడి నుంచి కొండవైపు ఎక్కుతూ పోవడమే. డ్రైవరు అరవై దాటిన పెద్దాయన. "హెందీ?" అనడిగాడు. ఔనన్నాను. స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీసేసి, "అమితాబ్ బచ్చన్!" అని అరిచాడు. "షోలే!" అన్నాను నేను, ఆ చేతులు మళ్లీ స్టీరింగ్ మీదికి వస్తే చాలునని. మా ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన భాష అంతే. అయినా గంటసేపు కబుర్లు ఆగలేదు.

దిగాక డబ్బివ్వబోతే, వద్దులెండి, దాందేముంది అన్న ధోరణిలో చెయ్యి అడ్డం పెట్టాడు. నిజంగా వద్దన్నాడనుకునేరు! అది వాళ్ల మర్యాద. 'తారోఫ్' అంటారు. మన పెళ్లిభోజనాల్లో "చాలు చాలు" అంటూనే విస్తట్లో ఇంకో గారె వేయించుకోమూ? అలాంటిదే. రెండుసార్లు బతిమాలితే పుచ్చుకున్నాడు. షోలే పేరు మీద ఒక్క రియాలు కూడా తగ్గించలేదు!

డబ్బు సంగతి వచ్చింది గనక చెబుతున్నాను. ఆంక్షల వల్ల అక్కడ మన బ్యాంకు కార్డులేవీ పనిచేయలేదు. డాలర్లో యూరోలో చేతిలో ఉండాల్సిందే. నోటు మీద ఉండేది రియాళ్లు, జనం నోట ఉండేది 'తొమాన్లు'. పది రియాళ్లు ఒక తొమాను. ధర చెప్పేటప్పుడు ఒక సున్నా మింగేస్తారన్నమాట.

ఇంకో మాట. హైదరాబాదులో ఇరానీ చాయ్ తాగి పెరిగినవాళ్లు ఇరాన్‌లో చాయ్ అడిగితే కంగుతింటారు. చుక్క పాలు ఉండవు! గాజుగ్లాసులో ఎర్రటి డికాషను ఇస్తారు. పంచదార గడ్డ పంటికింద పెట్టుకుని పైనుంచి అది జుర్రుకోవాలి. మొదటిరోజు మందులా ఉంటుంది. మూడోరోజుకి అదే కావాలనిపిస్తుంది.

కొల్లూరు రాయి, బొంబాయి టాకీ

ఊరి నడిమధ్యన, ఫిర్దౌసీ వీధిలో, కేంద్ర బ్యాంకు నేలమాళిగలో రాజుల నగల ప్రదర్శనశాల ఉంది. వారంలో కొన్నిరోజులే, అదీ కొన్ని గంటలే తెరిచేవారు. లోపల జనం ఎక్కువగా మూగేది ఒక గులాబీరంగు వజ్రం దగ్గర. దాని పేరు 'దర్యా-ఎ-నూర్', అంటే కాంతి సముద్రం. 1739లో నాదిర్షా ఢిల్లీని దోచుకుని పట్టుకుపోయిన సొత్తు. పుట్టిల్లు మాత్రం మన గోల్కొండ సీమ. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. అద్దాల వెనక దాన్ని చూస్తుంటే, పెళ్లయి దూరదేశం వెళ్లిన మనింటి పిల్లని చూసినట్టే ఉంది.

అక్కడికి కాస్త దూరంలోనే లాలెజార్ వీధి. తెహరాన్‌లో సినిమాహాళ్లు, నాటకశాలలు, షోకు బట్టల కొట్లు అన్నీ ఒకప్పుడు ఈ వీధిలోనే ఉండేవి. 1978 ఆగస్టులో అబాదాన్ పట్నంలో రెక్స్ సినిమాహాలుకి నిప్పుపెడితే ఆట చూస్తున్న వందలమంది మాడిపోయారు. ఆ తర్వాత విప్లవం రోజుల్లో దేశమంతటా ఎన్నో హాళ్లు తగలబడ్డాయి. లాలెజార్ వైభవం అంతటితో సరి. నేను చూసేనాటికి వీధికి రెండుపక్కలా బల్బులు, వైర్లు, షాండిలియర్లు అమ్మే కొట్లే. వెండితెర వెలుగు ఆరిపోయిన వీధిలో ఇప్పుడు అమ్మేది లైట్లు!

మన పాఠకులకి నచ్చే ముక్క ఇంకోటుంది. పారశీక భాషలో మొదటి టాకీ 'దొఖ్తరె లోర్' తయారైంది తెహరాన్‌లో కాదు, మన బొంబాయిలో! 'ఆలం ఆరా' తీసిన అర్దెషిర్ ఇరానీగారే తన ఇంపీరియల్ స్టూడియోలో దాన్ని తీసి, 1933లో తెహరాన్‌లో విడుదల చేశారు. అంతకుముందు 1931లో హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వంలో 'కాళిదాసు' నిర్మించినదీ ఆయనే. అందులో తెలుగు మాటలూ పాటలూ వినిపించాయి. అంటే తెలుగు టాకీకీ, పారశీక టాకీకీ పురుడు పోసిన చెయ్యి ఒక్కటే! 'దొఖ్తరె లోర్' నాయిక రూహంగీజ్ సమీనెజాద్. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఆమెకి మాత్రం తెరమీద కనిపించినందుకు జనం వేధింపులే మిగిలాయి. తర్వాత సినిమాలకే దూరమైంది. మొదటిమెట్టు ఎక్కిన ఆడవాళ్లు ఏ దేశంలోనైనా ఇంత ఖరీదూ చెల్లించారు.

పద్దెనిమిది కిలోమీటర్ల సినిమా

దిగువూరి రైల్వే స్టేషన్ నుంచి ఎగువూరి తజ్రీష్ దాకా తిన్నగా ఒకటే రోడ్డు. దాని పేరు వలీ అస్ర్. పొడవు పద్దెనిమిది కిలోమీటర్లకి అటూ ఇటూ. రెండుపక్కలా చెనార్ చెట్లు, వాటి వేళ్లు తడుపుతూ జూబ్‌లు. నేను దీన్ని కొంత నడిచి, కొంత బస్సులో ఎక్కాను. బస్సులో మగవాళ్లకో భాగం, ఆడవాళ్లకో భాగం. మొదట్లో చిన్న చిన్న రిపేరు షాపులు, పాత ఇటుక ఇళ్లు కనిపిస్తాయి. నడిమికి వచ్చేసరికి నాటకశాల, పుస్తకాల కొట్లు, కాలేజీ కుర్రకారు. ఇంకా పైకి పోతే అద్దాల షోరూములు, ఖరీదైన కార్లు. టికెట్టు లేకుండా చూసిన సినిమా ఇది!

ఇప్పుడు ఆ డైరెక్టర్లు చేసిందేమిటో చూడండి. 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'లో దిగువూరి తండ్రి కొడుకుని సైకిలెక్కించుకుని తోటపని కోసం ఎగువూరికి పోతాడు. నాలుగు డబ్బులు సంపాదించి ఆశలన్నీ చెప్పుకుంటూ తిరిగొస్తుంటే ఆ వాలులోనే బ్రేకులు పోతాయి. జాఫర్ పనాహీ 'క్రిమ్సన్ గోల్డ్' (2003)లో పిజ్జాలు మోసే కూలీ ఎగువూరి మేడలోకి అడుగుపెట్టి, ఇలాంటి బతుకూ ఒకటుందా అని నోరెళ్లబెడతాడు. ఆస్కార్ గెలిచిన అస్గర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' (2011)లో పనిమనిషి కూతుర్ని వెంటబెట్టుకుని ఎక్కడో దూరం నుంచి బస్సులో వస్తుంది. ఆ దూరమే కథ. సెట్టింగులు లేవు, పాటలు లేవు, ఫైట్లు లేవు. కొండ ఒక వాలు ఇచ్చింది. వీళ్లు ఆ వాలు మీద మనుషుల్ని పైకీ కిందికీ నడిపించి ప్రపంచాన్ని ఏడిపించారు.

తజ్రీష్ దగ్గర్లోనే ఫిర్దౌస్ తోటలోని పాత మేడలో సినిమా మ్యూజియం ఉంది. పాత కెమెరాలు, వాల్‌పోస్టర్లు, విదేశాల్లో గెలిచిన బహుమతులు బోలెడు. అక్కడ కలిసిన ఒక ఫిల్మ్ కోర్సు విద్యార్థిని "మీ ఇల్లెక్కడ?" అనడిగాను. "దిగువన. ఈ మ్యూజియానికి రావాలంటే నాకు గంటన్నర. వెళ్లేటప్పుడు ఎప్పుడూ తేలికే" అని నవ్వాడు. ఆ నవ్వులో ఒక స్క్రీన్‌ప్లే ఉంది.

శుక్రవారం కొండమీద

అక్కడ సెలవు శుక్రవారం. ఆరోజు ఊళ్లో కుర్రకారంతా దర్బంద్ బాట పడతారు. కొండవాగు పక్కన మెట్లమెట్లుగా చాయ్ హోటళ్లు, తివాచీ పరిచిన మంచాలు. పచ్చి రేగిపళ్లలా ఉండే పుల్లటి 'గొజె సబ్జ్' కాయల్ని ఉప్పద్దుకుని తింటారు. 'లవాషక్' అయితే మన మామిడితాండ్రకి అచ్చంగా చెల్లెలే. బాదం, పిస్తా, కిస్‌మిస్ అన్నాను, కొట్టువాడికి అర్థమైపోయింది. ఆ మాటలు మనకి వచ్చింది వాళ్ల భాషనుంచే మరి! దర్బంద్‌లో ఇంకో విశేషం, అక్కడ ఎగువవాళ్లూ దిగువవాళ్లూ ఒకే బాట మీద చెమటలు కక్కుతూ ఎక్కుతారు. ఊళ్లో కుదరని సమానత్వం కొండ మీద కుదిరింది.

వేలెంజక్ నుంచి తోచాల్ రోప్‌వే ఎక్కితే మూడువేల ఏడొందల మీటర్ల పైకి తీసుకుపోతుంది. ఏప్రిల్లోనూ అక్కడ మంచే. పైనుంచి చూస్తే ఊరంతా ఒక్క చూపులో కనిపించాలి. కనిపించింది సగమే. దిగువూరి మీద బూడిదరంగు దుప్పటి. చలికాలంలో ఇంకా ఘోరమట. కొండ గోడలా అడ్డంగా ఉండటంతో పొగ కదలక, బళ్లకి సెలవులిచ్చిన రోజులున్నాయి.

ఈ కొండ కిందే ఇంకో చోటు ఉంది: ఎవీన్ జైలు. సినిమాలు తీయకూడదని 2010లో నిషేధం పడ్డా తీస్తూనే పోయిన పనాహీ 2022 జులై నుంచి 2023 ఫిబ్రవరి దాకా జైల్లో గడిపింది అక్కడే. బయటికొచ్చాక తీసిన 'ఇట్ వాజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్'కి 2025 మేలో కాన్స్‌లో గోల్డెన్ పామ్ వచ్చింది. ఆ సంబరం నెలైనా నిలవలేదు. జూన్‌లో ఇజ్రాయెల్‌తో పన్నెండురోజుల యుద్ధం వచ్చి తెహరాన్ మీద బాంబులు పడ్డాయి. ఆ సంవత్సరమే వానల్లేక ఆనకట్టలు అడుగంటాయి. ఇలాగే ఉంటే రాజధానిని ఖాళీ చేయాల్సి వస్తుందని నవంబరులో అధ్యక్షుడు పెజెష్కియానే హెచ్చరించారు. ఆ మాట పేపర్లో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది రాజకీయం కాదు. నీళ్లు లేని జూబ్! బూటు పడితే ఇప్పుడది అక్కడే ఉంటుంది. కాని అది తీపి కబురు కాదు కదా.

ఎగువ ముందు, దిగువ తర్వాత అనే వరస తప్పిపోయే రోజు రావాలని ఆ సినిమాలు కోరుకున్నాయి. కొండమీద నీళ్లే ఎండిపోయి వరస తప్పాలని కాదు.

ఇకమీదట తెహరాన్ సినిమా ఏది చూసినా ఒక చిన్న చిట్కా. మనిషి ఎక్కుతున్నాడా, దిగుతున్నాడా గమనించండి. సబ్‌టైటిల్స్ చదవకపోయినా సగం కథ మీకు తెలిసిపోతుంది.