చుక్కల లెక్క

సి భాష మొదలుపెట్టిన పిల్లలు చాలామంది ఒకచోట ఆగిపోతారు. ఒక లూపు లోపల ఇంకో లూపు పెట్టి, నక్షత్రాలతో డైమండ్ ఆకారం ప్రింట్ చేసే ప్రోగ్రాం దగ్గర. గుణదలలో మా ఇంటికి పాఠం చెప్పించుకోవడానికి వచ్చే ఆడపిల్లలూ అక్కడే ఆగేవాళ్లు. "మాకు లెక్కల బుర్ర లేదు మేడం" అనేవాళ్లు. ఆ మాట వాళ్లది కాదు. చిన్నప్పట్నించీ ఎవరెవరో అని అని వాళ్ల నోట్లో పెట్టింది.

నెలగంట పెట్టిన దగ్గర్నించీ ఆ పిల్లలే చీకటితో లేచి వాకిట్లో వంగుతారు. మా వీధిలో క్రిస్మస్‌కీ ముగ్గులు పడతాయి, మేరీమాత కొండ దగ్గరే కదా! "పదిహేను చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వచ్చేదాకా." ఇది ముగ్గుల పుస్తకం భాష. ప్రోగ్రాం అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. నడి వరసలో 15, దానికి పైనా కిందా 13, తర్వాత 11... అలా చివరికి ఒకటి. 15 వరసలు, 113 చుక్కలు. అదే సందు చుక్క అయితే, 15 నుంచి 8 దాకా ఒక్కొక్కటే తగ్గుతూ 169. చుక్క తప్పితే గీత కలవదని పదేళ్ల పిల్లకీ తెలుసు.

మరి చిక్కు ఎక్కడ? ముగ్గు పెద్ద వరసతో మొదలవుతుంది. చుక్కకి ఎదురుగా చుక్క పెడుతూ పోతే ఖాళీలు వాటంతట అవే మిగులుతాయి, వాటిని ఎవరూ లెక్కపెట్టరు. కంప్యూటర్ తెర పైనుంచి కిందికి, వరస తర్వాత వరసగా రాస్తుంది. మొదటి ఒంటి చుక్కకి ముందు ఏడు ఖాళీలు మనమే చెప్పి పెట్టించాలి. కనబడని వాటిని లెక్కపెట్టడమే కొత్త.

బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సి భాష తయారుచేసింది 1972లో. రెండేళ్లకే, 1974లో, మద్రాసు నుంచి గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృత్తివాసన్ తమిళ కోలాలకి కంప్యూటర్ శాస్త్రం పద్ధతిలో వ్యాకరణం రాసి ప్రచురించారు. ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. ఈ సంగతి మా సిలబస్ పుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు.

అలాగని ముగ్గుని నెత్తిన పెట్టుకోమని కాదు. అన్నదమ్ములు దుప్పటి ముసుగులో ఉండగా ఆడపిల్ల చేసే చాకిరీ కూడా అది. భర్త పోయినావిడని పండగ ముగ్గు దగ్గరికి రానివ్వని ఇళ్లూ ఉన్నాయి. ముగ్గులొస్తే కోడింగ్ దానంతటదే వచ్చేస్తుందనీ అనను. లెక్క రాదనే మాట మాత్రం అబద్ధం.

ఒకమ్మాయి నడి వరసని సున్నా అనుకుంది. పైకి ఏడు, కిందికి ఏడు. నడిమి నుంచి ఎంత దూరమో అన్ని ఖాళీలు, 15లోంచి దానికి రెట్టింపు తీసేస్తే అన్ని నక్షత్రాలు. పుస్తకంలో పై సగానికీ కింది సగానికీ విడివిడిగా లూపులుంటే, ఈ పిల్ల బయటి లూపు ఒక్కటే. ల్యాబ్ పరీక్షలో "రికార్డులో ఇలా లేదే, ఎవరు చెప్పారు?" అని అడిగారట.

"మా అమ్మమ్మ పెట్టే వరసండీ" అందట.