బాపు కట్టిన చుక్క

డిసెంబరు 24 వచ్చిందంటే సిరిసిల్ల నుంచి వచ్చే ఆఖరి బస్సు కోసం కోరుట్లలో మా ఇల్లంతా ఎదురుచూసేది. ఆ బస్సులోనే మాకు క్రిస్మస్ దిగేది మరి! ఇన్నేళ్ల తర్వాత అదే రోజున, అదే దారిలో ఓ ప్రయాణం...

సిరిసిల్లలో బస్సు దిగి ఏ గల్లీలోకి మళ్లినా మనుషుల కంటే ముందు సాంచాలు పలకరిస్తాయి. టకటకా... టకటకా... మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. నిరుడు డిసెంబరు 24న పండక్కి ఇంటికి వెళ్తూ, పనిగట్టుకుని ఇక్కడ దిగాను. ఓ కార్ఖానా గోడ పక్కన నిలబడితే ఐదు నిమిషాలకే చెవులు దిమ్మెత్తిపోయాయి. మా బాపు ముప్పై ఏళ్లు ఈ చప్పుడులోనే బతికాడు. ఇప్పుడు పక్కన కూర్చుని పిలిచినా ఆయనకు సరిగా వినపడదు.

మా ఇల్లు కోరుట్లలో, బాపు పని సిరిసిల్లలో. పదిహేను రోజులకోసారి వచ్చి, ఒక్క పూట ఉండి వెళ్లిపోయేవాడు. క్రిస్మస్‌కు మాత్రం మూడు రోజులుండేవాడు. నేసిన మీటర్లను బట్టి కూలి. సాంచ ఆగితే కూలి కూడా ఆగినట్టే. ఆ మూడు రోజుల లోటు పూడ్చడానికి ముందు వారమంతా పగలూ రాత్రీ సాంచాల మీదే ఉండేవాడని నాకప్పుడు తెలియదు. బస్సు దిగేసరికి ఎర్రగా ఉండే ఆ కళ్లను చూసి, దుమ్ము పడిందేమో అనుకునేదాన్ని.

రాజన్న గుడి ముందు క్రిస్మస్ తాత

సిరిసిల్ల దాటితే వేములవాడ. రాజన్న గుడికి వచ్చే జనంతో ఎప్పుడు చూసినా కిటకిటే. గాజులు, పేలాలు, పుట్నాలు, ప్లాస్టిక్ బొమ్మలు... గుడి దుకాణాల్లో దొరకనిది లేదు. బస్సు ఆగిన పది నిమిషాల్లో బాపు దిగి మా కోసం ఏదో ఒకటి కొనేవాడు. ఓ ఏడు బూర, ఓ ఏడు కీ ఇస్తే తిరిగే బాతు. మా క్రిస్మస్ తాత రాజన్న గుడి ముందు నుంచే వచ్చేవాడన్నమాట!

అక్కడి నుంచి చందుర్తి, రుద్రంగి, కథలాపూర్... ఒక్కో ఊరూ దాటుతుంటే బస్సులో జనం పలచబడతారు. చివరికి కోరుట్ల. బస్టాండు నుంచి మా వాడకు నడుస్తుంటే అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అందరూ పెద్దవాళ్లే.

మా అమ్మ చేతిలోనూ ఎప్పుడూ అదే చాట. తునికాకు నానబెట్టడం, కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. ఇరవై అయిదుకో కట్ట, వెయ్యి బీడీలకింత అని కూలి. డిసెంబరు వచ్చిందంటే రోజుకు ఇంకో మూడు నాలుగు కట్టలు ఎక్కువ చుట్టేది. 'ఇయి గరిజెల పిండికి, ఇయి నూనెకు, ఇయి నీ గౌనుకు' అని కట్టలు పక్కకు పెట్టేది. నాకదో ఆటలా ఉండేది.

గరిజెలు, మురుకులు అయ్యాక గిన్నెలు ఇల్లిల్లూ తిరిగేవి. సద్దుల బతుకమ్మకు మలీద పంపిన ఇంటికి, రంజాన్‌కు షీర్ ఖుర్మా పంపిన ఇంటికి మా వంతు అప్పుడు. గిన్నె ఖాళీగా తిరిగొచ్చిన రోజు నాకు గుర్తు లేదు.

రెండు దారాలు

ఆ రాత్రి అసలు సంబరం చుక్క కట్టడం. నక్షత్రాన్ని మేం చుక్కే అంటాం. వెదురు బద్దలు చీల్చి, సాంచాల మీద మిగిలిన దారంతో బాపు మూలలు బిగించేవాడు. అది చాలకపోతే అమ్మ బీడీల దారం అందించేది. రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, పొడవాటి కట్టెకు కట్టి ఇంటి మీద నిలబెట్టేవాళ్లం. అర్ధరాత్రి డోలక్ వాయించుకుంటూ వచ్చే క్యారల్స్ వాళ్లకు అదే గుర్తు.

జగిత్యాల కోటను చూసినప్పుడు నాకు ఆ చుక్కే గుర్తొచ్చింది. 1747లో ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో కట్టారని చెప్పే ఆ కోటది నక్షత్రాకారం. గౌను కొనడానికి టవర్ సర్కిల్‌కు తీసుకెళ్లినప్పుడు బాపు దాన్ని చూపిస్తే, 'నువ్వు కట్టినవా?' అని అడిగానట. అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

2001లో మాత్రం పండగ అంత తేలిగ్గా రాలేదు. సిరిసిల్లలో సాంచాలకు పని లేదు. నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు పేపర్ల నిండా వచ్చిన ఏడాది అది. ఆఖరి బస్సు వచ్చింది... బాపు దిగలేదు. రాత్రంతా అలిగి పడుకున్నాను. అమ్మ మాత్రం గుమ్మంలోనే కూర్చుంది, చేతిలో చాట కూడా లేకుండా. తెల్లారుజామున ఏదో లారీ పట్టుకుని బాపు వచ్చాడు. చేతిలో బొమ్మ లేదు, జేబులో దారపు ఉండ ఒక్కటే ఉంది. ఆ ఉదయమే చుక్క కట్టాడు. పగటిపూట అది వెలగదని నేను ఏడ్చాను.

అయినా నాకు కొత్త గౌను వచ్చింది. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే నిలబడి, 'దేవుడు నాకు గౌను ఇచ్చాడు' అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ పట్టగొలుసులు ఆ వారమే కనబడకుండా పోయాయని, అవి మళ్లీ ఇంటికి రాలేదని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అడిగితే 'కొక్కెం ఊడింది, బాగుకిచ్చిన' అనేది.

రాళ్లు మోసినోళ్లు

మరుసటి ఏడు పనులు కాస్త గాడిన పడ్డాక బాపు మమ్మల్ని కామారెడ్డి మీదుగా మెదక్ చర్చికి తీసుకెళ్లాడు. మెడ నొప్పి పుట్టేలా తలెత్తితే తప్ప కనపడని 175 అడుగుల గోపురం. లోపల రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం. బయట ఎండ ఉంటేనే ఆ బొమ్మ వెలుగుతుంది. పగలు వెలిగే చుక్క కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది!

మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువులో జనం తిండికి అల్లాడుతుంటే, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఈ చర్చి పని పెట్టి, పనికి వచ్చినవాళ్లకు తిండి పెట్టాడు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఈ చర్చికి 2024లో వందేళ్లు నిండాయి. అప్పుడు ఈ కథంతా విని బాపు ఒక్క మాటన్నాడు. 'రాళ్లు మోసినోళ్లందరూ పిల్లలున్నోళ్లే బిడ్డా.'

ఆ మాట నాకు అర్థం కావడానికి, నెల జీతంలోంచి మొదటిసారి ఇంటికి డబ్బు పంపేదాకా ఆగాల్సి వచ్చింది.

నిరుడు నేను ఇల్లు చేరేసరికి బాపు అరుగు మీద వెదురు బద్దలు చీలుస్తున్నాడు. బజార్లో మెరిసే చుక్కలు ఎన్నో దొరుకుతున్నా ఆయనకు నచ్చవు. మూలలు నేను పట్టుకుంటే ఆయన దారం చుట్టాడు. అర్ధరాత్రి క్యారల్స్ వాళ్లొచ్చి పాడుతుంటే, వినపడకపోయినా వాళ్ల పెదాలు చూస్తూ చేతులు తట్టాడు.

మర్నాడు ఆరాధనలో కృతజ్ఞతా కానుక కవరు మీద పేరు, కారణం రాయాలి. ఇన్నేళ్లూ ఉద్యోగమనో, ఆరోగ్యమనో రాసేదాన్ని. ఈసారి 'మా అమ్మ, బాపు కోసం' అని రాసిచ్చాను. పాస్టరు గారు మైకులో చదివారు. బాపు దిక్కులు చూస్తుంటే అమ్మ ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. చర్చి అంతా ఇటు తిరిగింది.

బాపు కాసేపు నావైపు చూశాడు. కండువాతో కళ్లు తుడుచుకుని, తనకు వినపడనట్టే అందరికీ వినపడదనుకున్నాడేమో, పెద్దగా అడిగాడు.

'ఎంతేసినవ్ బిడ్డా కవర్ల? జర చూసుకొని ఖర్చు పెట్టుకోవాలె!'