కియోజ్జాలో గుమ్మడికాయ గొడవ

"ఇవాళ ఒక్కరోజు మిలాన్ మాట ఎత్తకూడదు. సరేనా?"

లిడోలో పొద్దున్న ఏడింటికి బస్సెక్కుతూ మావారి దగ్గర నేను తీసుకున్న మాట అది. "సరే" అన్నారాయన. ఆ సరే ఎంతసేపు నిలబడిందో తర్వాత చెబుతాను.

మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు నెలల పనిమీద మిలాన్ వెళ్లారు. పోయిన సెప్టెంబరులో పది రోజులు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. వెళ్లాక తెలిసింది... ఆ మూడు నెలల్ని మూడేళ్లు చేసుకోమని ఆఫీసువాళ్లు అడుగుతున్నారని. సోమవారంలోగా జవాబు చెప్పాలి. "నీకేముంది, ఎక్కడున్నా రాసుకోవచ్చు" అన్నారు మొదటి రోజే. ఆ ఒక్కమాట దగ్గర మొదలైన వాదన నాలుగు రోజులైనా తెగలేదు. ఎప్పట్నుంచో అనుకున్నాం కదాని శుక్రవారం వెనిస్ వెళ్లాం. అందరూ చూసేవే మేమూ చూశాం కాబట్టి దాని గురించి రాయను. శనివారం మాత్రం అందరూ వెళ్లని ఊరికి వెళ్దామన్నాను. అదే కియోజ్జా. వెనిస్ ఉప్పునీటి సరస్సుకి దక్షిణం కొసన ఉన్న జాలర్ల ఊరు.

దారే ఓ తమాషా. లిడో చివర్లో బస్సు ఆగింది. దిగాలేమో అనుకుంటుండగానే మమ్మల్ని ఎక్కించుకునే తిన్నగా వెళ్లి ఓ పెద్ద పడవలోకి దూరింది!

"పంటు!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

గోదారి జిల్లాల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మాది నరసాపురం పక్క పల్లె. ఆయనది అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు. పెళ్లిచూపులకి వాళ్లంతా పంటు మీదే వచ్చారు. రేవులో ఆలస్యమై రాహుకాలం వచ్చేసిందని మా నాన్న పడిన కంగారు ఇప్పటికీ ఇంట్లో కథగా చెప్పుకుంటాం. సముద్రపు పాయ దాటేలోగా ఆ కథ మరోసారి చెప్పుకుని నవ్వుకున్నాం.

పాయ దాటితే పెల్లెస్ట్రీనా. ఒక పక్క సముద్రం, ఒక పక్క సరస్సు, మధ్యలో పొడవాటి సన్నని నేల. సముద్రం వైపు మురాజ్జి అనే రాతిగోడ ఉంది. వెనిస్ ప్రభుత్వం 1744 నుంచి 1782 దాకా కట్టించింది. 1966 నవంబరు 4న నీళ్లు 194 సెంటీమీటర్ల ఎత్తుకు లేచి వెనిస్‌ని ముంచెత్తిన రోజున ఈ గోడకీ గండ్లు పడ్డాయట. ఇప్పుడు సరస్సులోకి సముద్రం వచ్చే మూడు దారుల్లోనూ ఇనుప తలుపులు పెట్టారు. పోటు ముంచుకొస్తే లేస్తాయి. 2020 అక్టోబరులో మొదటిసారి లేపి నీళ్లని ఆపారు. గట్టు తెగడమంటే ఏమిటో తెలిసిన వాళ్లం కదా, ఆ గోడకేసి కాస్త గౌరవంగానే చూశాం.

పెల్లెస్ట్రీనా నుంచి మళ్లీ పడవ. అది దింపిన చోటే విగో వంతెన, దాని ముందు ఓ స్తంభం. స్తంభం మీద వెనిస్ గుర్తయిన రెక్కల సింహం. కాకపోతే మరీ చిన్నది. వెనిస్ వాళ్లు దాన్ని 'పిల్లి' అని వెక్కిరిస్తారట. పక్క ఊరి మీద జోకులు వేయని ఊరు ప్రపంచంలో ఎక్కడుంది చెప్పండి!

ఊళ్లోకి అడుగు పెట్టగానే నాకు నచ్చేసింది. వెనిస్‌లో కాలువల మీద టూరిస్టులు కనిపిస్తే, ఇక్కడ కాలువల్లో చేపల పడవలు కనిపించాయి. కిటికీల కింద ఆరేసిన బట్టలు, సైకిళ్ల మీద ముసలాళ్లు, గట్టిగట్టిగా మాటలు. చేపల బజారు 1322లో కట్టిన పాత ధాన్యపు కొట్టు వెనకాల ఉంది. ఎర్రటి పరదాల కింద వరసగా బల్లలు. పీతలు, రొయ్యలు, మలుగులు, ఒళ్లంతా సిరా పూసుకున్న కటిల్ ఫిష్, వెండిలా మెరుస్తున్న కవళ్లు. మావారు బల్లబల్లకీ ఆగి మొప్పలు ఎత్తి చూడబోతే ఒకావిడ చెయ్యి మీద కొట్టినంత పని చేసింది. "పులస ముందు ఇవెంత" అని తెలుగులో సణుక్కుంటూ ముందుకు నడిచారు.

చేపలయ్యాక కూరగాయలు. అక్కడే చూశాను ఆ గుమ్మడికాయని. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, ఒళ్లంతా పొక్కులు. చూపులకి అంత వికారంగా ఉందా, కోస్తే లోపల పసుపూ నారింజా కలిసిన బంగారం! ఈ ఊరి పేరుతోనే దేశమంతా తెలిసిన రకమట.

"దప్పళంలోకి ఎంత బావుంటుందో" అన్నాను.

"మిలాన్‌లోనూ దొరుకుతుందిలే. వారం వారం పెట్టుకోవచ్చు" అన్నారు మావారు.

నాకు చర్రున వచ్చింది. "ఎన్ని వారాలు? నూట యాభయ్యా?"

"నేనిప్పుడేమన్నానని?"

"ఉద్యోగం మానేసి కూర్చుని గుమ్మడికాయ తరగమన్నారు."

"నేనా మాట అన్లేదు."

"అనక్కర్లేదు. అర్థమైంది."

బేరానికి వచ్చిన వాళ్లం కాదని తేల్చుకుని కొట్టతను గుమ్మడికాయని మెల్లిగా వెనక్కి లాక్కున్నాడు. ఊరి మధ్యగా పారే వేనా కాలువ ఈ గట్టున నేను, ఆ గట్టున ఆయన... అరగంట నడిచాం. మధ్యలో అడుగడుక్కీ వంతెనలే. ఎక్కితే ఎదురుపడతామని ఇద్దరం ఏ వంతెనా ఎక్కలేదు. చివరికి ఆకలే మమ్మల్ని కలిపింది.

గట్టు మీది చిన్న హోటల్లో 'సార్దే ఇన్ సావోర్' చెప్పాం. కవళ్లని వేయించి, వెనిగర్‌లో మగ్గబెట్టిన ఉల్లిపాయల మధ్య పొరలుగా పేరుస్తారు. ఎండుద్రాక్ష, పైన్ గింజలు చల్లుతారు. ఓడల మీద పోయేవాళ్లు చేపలు పాడవకుండా చేసుకున్న వంట. చేసిన రోజు తినరు, మర్నాటికి గానీ రుచి ఎక్కదు. పక్కనే మొక్కజొన్న సంకటి. మొదటి ముద్దకే మావారి మొహం విప్పారింది. "అచ్చం రెండోరోజు చేపల పులుసే" అన్నారు. ఆ మాటతో సంధి సగం కుదిరింది.

మిగతా సగం కుదిర్చింది నా చేతిలోని గైడు పుస్తకం. గోల్డోనీ అనే నాటక రచయిత 1762లో ఈ ఊరి వాళ్లు ఆడుకునే తగువుల మీద ఓ హాస్యనాటకం రాశాడు. మగాళ్లు చేపల వేటకెళ్తే ఆడవాళ్లు వీధిలో కుర్చీలేసుకుని లేసు అల్లుతుంటారు. పడవ నడుపుకునే కుర్రాడొకడు అందులో ఓ అమ్మాయికి ఏదో కొనిపెడతాడు. దాంతో రెండు కుటుంబాల మధ్య ఊరదిరిపోయే రభస! ఇంతకీ వాడు కొనిపెట్టిందేమిటో తెలుసా? కాల్చిన గుమ్మడికాయ ముక్క!

అది చదివి వినిపించేసరికి ఆయన ఒకటే నవ్వు. నేను మాత్రం లేసు దగ్గరే ఆగిపోయాను.

అందుకే మధ్యాహ్నం బురానో వెళ్దామన్నాను. బస్సులో గంటసేపు వెనిస్ దాకా, అక్కణ్నుంచి ముప్పావుగంట పడవ. చేరేసరికి సాయంత్రమైంది. బురానో ఇళ్ల రంగులు మీరు క్యాలెండర్లలో చూసే ఉంటారు. నేను వెళ్లింది లేసు కోసం. 1872లో ఇక్కడ లేసు బడి పెట్టారు. చలికి సరస్సు గడ్డకట్టి జాలర్ల ఇళ్లలో పొయ్యి వెలగని రోజులవి. చేతిపని మరచిపోని ముసలామె ఒకరు మిగిలి ఉంటే, ఆవిడ చేత మిగతావాళ్లకి నేర్పించారు. 1970లో బడి మూతపడింది. ఇప్పుడా భవనంలో మ్యూజియం ఉంది. మేం వెళ్లేసరికి దాని తలుపులూ మూసేశారు.

చుట్టూ దుకాణాలే. చాలావాటిలో మిషను లేసే. ఓ గుమ్మం ముందు మాత్రం ఒక పెద్దావిడ ఒళ్లో దిండు పెట్టుకుని సూదితో కుడుతోంది. బురానోది సూది లేసు. కింద గుడ్డంటూ ఉండదు, దారం మీదే దారం. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు అందుకుంటూ, ఒక్కో రకం కుట్టు ఒక్కొక్కరు వేసేవారట. మా ఊళ్లోనూ అంతే. పువ్వులల్లే వాళ్లు వేరు, అతుకు పని వాళ్లు వేరు. కాకపోతే మాది సూది కాదు, కొక్కెం.

నా బ్యాగులో అమ్మ అల్లిన అంచున్న రుమాలు ఉంది. తీసి ఇచ్చాను. ఆవిడ మొదట చేసిన పని దాన్ని వెనక్కి తిప్పి చూడటం. మా అరుగు మీదికొచ్చే లేసు ఏజెంట్లూ అంతే, ముందు వెనకవైపే చూసేవారు. ఎవరు చేశారంది. "మమ్మా" అన్నాను. ఎంతసేపు పట్టిందంది. మావారు తన వచ్చీరాని ఇటాలియన్‌లో ఆ ప్రశ్న నాకు చెప్పి, జవాబు కోసం నా మొహం చూశారు.

"ఈ అంచుకి నాలుగు మధ్యాహ్నాలు" అన్నాను.

తిరుగు పడవలో చాలాసేపటికి అడిగారు... "అత్తయ్యగారు ఇంకా అల్లుతున్నారా?"

"కళ్లు ఆనడం లేదని మానేసింది. నా జర్నలిజం డిప్లొమా ఫీజులో సగం ఆ డబ్బులే."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడడిగారు?"

మా లేసు పనివాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు పుస్తకం రాశారు, 1982లో వచ్చింది. రోజుకి ఆరేడు గంటలు అల్లే ఆడవాళ్లని కూడా ఊరు పనివాళ్లుగా లెక్కెయ్యదని, ఏదో ఖాళీ టైములో చేసుకుంటున్నారంటుందని అందులో ఉంది. డిప్లొమా చదివేటప్పుడు లైబ్రరీలో ఆ పుస్తకం తిరగేస్తూ మా అరుగునే చూస్తున్నట్టు ఉలిక్కిపడ్డాను. ఆ సంగతీ చెప్పాను. ఆయనేమీ అన్లేదు. "నీకేముంది, ఎక్కడున్నా రాసుకోవచ్చు" అన్న మాట ఇద్దరికీ గుర్తుందని ఇద్దరికీ తెలుసు.

మూడేళ్లు కుదరదు, ఆరు నెలలైతే ఉంటానని సోమవారం ఆయన ఆఫీసుకి రాశారు. నేను ఆఖరి శుక్రవారం బయల్దేరి వచ్చేసి డ్యూటీలో చేరాను. నాకు సంతోషమే అయినా, ఇల్లు బోసిగా ఉందన్నది అబద్ధం కాదు. రాత్రి పది దాటాక ఫోన్లో పోట్లాడుకోవడం కూడా అంత సుఖంగా లేదు.

కియోజ్జాలో బొసొలా అనే రొట్టెలు కొన్నాం. పెద్ద సైజు చేగోడీల్లా ఉంటాయి. వేటకెళ్లేవాళ్లు పడవలో నెలల తరబడి దాచుకునేవారట. నాలుగు నెలలైంది. పొట్లంలో ఇంకా రెండున్నాయి. నిన్న ఒకటి విరిచి చూశాను, కరకరలాడుతూనే ఉంది. రెండోది మావారికి ఉంచాను.