చక్కెర పేరు... పసిమెడకు తొలి పండుగ

ఫాల్గుణ పున్నమి దగ్గరపడితే చాలు, జహీరాబాద్ బజారులో తెల్లటి దండలు వేలాడతాయి. కిరాణా కొట్ల ముందు, తోపుడు బండ్ల మీద ఎక్కడ చూసినా అవే. బిళ్లలు బిళ్లలుగా, పువ్వులు పువ్వులుగా దారానికి అతుక్కున్న చక్కెర పేర్లు! వాటి పక్కనే ఎండుకొబ్బరి కుడకల దండలు. రంగుల పొట్లాలూ పిచికారీలూ ఉంటాయనుకోండి. కానీ ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్ల చూపు ముందుగా పడేది ఈ దండల మీదే. బిడ్డ పుట్టాక వచ్చే మొదటి హోలీకి ఆ చిన్ని మెడలో చక్కెర పేరు పడాల్సిందే.

తేవాల్సింది మేనమామ. లేదంటే అమ్మమ్మా తాతయ్యా. కొత్త బట్టలు, చక్కెర పేరు, కుడకల పేరు పట్టుకుని ఆ రోజు కూతురింటి గడప తొక్కుతారు. 'ఏం బిడ్డా, మీ మామ పేరు తెచ్చిండా?' అని వాడకట్టు ఆడవాళ్లు ఆరా తీస్తారు. జవాబు చెప్పాల్సిన బిడ్డకు ఇంకా పళ్లు కూడా వచ్చి ఉండవు! దండ మెడలో పడగానే వాడు చేసే మొదటి పని దాన్ని నోట్లో పెట్టుకోవడం. కాసేపటికి చొంగతో తడిసి బిళ్లలు కరుగుతాయి. బుగ్గలు, చొక్కా, ఎత్తుకున్నవాళ్ల చేతులు... అన్నీ జిగురు జిగురు. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర అలవాటు చేయొద్దని వైద్యులు చెబుతారు. బిళ్ల విరిగి గొంతుకు అడ్డం పడే ప్రమాదమూ ఉంది. అందుకే ఫొటో తీయగానే దండను మెడలోంచి తీసేసే తల్లులు కొందరు. అది మంచి జాగ్రత్తే. ఆ తర్వాత దాన్ని కొరుక్కు తినే భాగ్యం అన్నలకూ అక్కలకూ.

చూడటానికి తేలికే గానీ చేయడం ఒడుపున్న పని. చక్కెరలో నీళ్లు పోసి పాకం పడతారు. కాసిన్ని పాలు చిలకరిస్తే మురికి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తారు. రెండు చెక్కల అచ్చు మధ్య దారం పరిచి, గట్టిగా బిగించి, మరిగే పాకం అందులో పోస్తారు. కొన్ని నిమిషాల్లోనే గడ్డకడుతుంది. అచ్చు విప్పితే దండ సిద్ధం. పాకం లేతదైతే బిళ్ల నిలవదు. ముదిరితే పొడిపొడి అవుతుంది. ఏడాదిలో కొద్దివారాలు మాత్రమే గిరాకీ ఉండే సరుకిది.

ఈ ఆచారం తెలుగునేలలో చాలాచోట్ల కనిపించదు. మరి ఇక్కడే ఎందుకు? హైదరాబాద్ నుంచి పుణె వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది జహీరాబాద్. ఇంకొంచెం ముందుకెళ్తే కర్ణాటక. 1956కు ముందు ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో ఆ జిల్లా మూడు ముక్కలైంది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్ జిల్లాకు వచ్చాయి. 2016లో అవి సంగారెడ్డి జిల్లా అయ్యాయి. జిల్లా ముక్కలైంది గానీ బంధుత్వాలు ఎక్కడికి పోతాయి? ఇప్పటికీ ఇక్కడి ఆడపిల్ల అత్తిల్లు బీదర్‌లో ఉండొచ్చు, మేనమామ ఉద్గీర్‌లో ఉండొచ్చు. మరాఠీవాళ్లు 'గాఠీ' అని పిలిచే దండే ఇక్కడ చక్కెర పేరు. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ... నాలుగు భాషల్లో బేరమాడే బజారులో దాని ధర మాత్రం అందరికీ ఒకటే!

బిడ్డకు రెండు మూడు హోలీలు గడిచి నడక, పరుగు వచ్చాయంటే ఇక దండతో ఆగరు. జాజిరి మొదలవుతుంది. పున్నమికి కొన్నాళ్ల ముందు నుంచే వెన్నెల రాత్రుల్లో పిల్లలు గుంపు కట్టి, కోలలు కొడుతూ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. గుప్పెడు గింజలో, చిల్లరో ఇచ్చేదాకా గడప వదలరు. కాముడి మంటకు కట్టెలు కావాలంటే అడిగి తెచ్చుకునేవి కొన్ని, అడగకుండా తెచ్చుకునేవి చాలా. విరిగిన మంచం కోడు, పాత తలుపు చెక్క, ఎండిన పిడకలు పొద్దున చూస్తే మాయం. అన్నలు చేసే ఈ దొంగతనానికి అయిదేళ్ల తమ్ముడు కాపలా. ఎవరైనా వస్తే ఈల వేయాలి. వాడికేమో ఈల రాదు! మంటలో పడ్డ కట్టెను తిరిగి అడగకూడదన్నది పెద్దల మాట. తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు గానీ, వాళ్లూ ఒకప్పుడు ఆ పని చేసినవాళ్లే కదా.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇదంతా వింటే ఒక పండుగ గుర్తొస్తుంది... హాలోవీన్. అక్టోబరు 31 రాత్రి పిల్లలు వేషాలు కట్టి ఇంటింటి తలుపూ తట్టి మిఠాయిలు అడుగుతారు, ఇవ్వకపోతే అల్లరి చేస్తామని బెదిరిస్తారు. ఐర్లండ్, స్కాట్లండ్ వలసజీవులు మోసుకెళ్లిన పండుగ అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ చక్కెరకు రేషన్ పెడితే పిల్లల సంబరం చప్పబడింది. 1947లో ఆ రేషన్ ఎత్తేశాక ఊరూరా విజృంభించింది. అక్కడా ఇక్కడా పిల్లల పండుగను నడిపించేది చక్కెరే! 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. ప్రమిదలూ గుమ్మడికాయ దీపాలూ ఒకే గుమ్మంలో పెట్టుకున్న తెలుగు కుటుంబాలకు ఆ రోజు బాగా గుర్తుండే ఉంటుంది.

కాముడు కాలే రాత్రి పసివాళ్లను చంకనెత్తుకుని మంట చుట్టూ తిరుగుతారు కొందరు తల్లులు. ఆ బూడిద నుదుట పెడతారు. తెల్లారితే రంగులు. ఒకప్పుడు మోదుగుపూలు ఉడకబెట్టిన కాషాయరంగు నీళ్లే ఉండేవి. ఇప్పుడు పొట్లాల్లో ఏముందో తెలియదు కాబట్టి చంటిబిడ్డ బుగ్గకు కాస్త పసుపు రాసి ఊరుకుంటారు. మధ్యాహ్నానికి పోలెలు, నెయ్యి.

పట్నం దాటి తండాలకు వెళ్తే తొలి హోలీకి ఇంకో స్థాయి ఉంది. అక్కడ కాముడికి నిప్పుపెట్టేది తెల్లవారుజామున. ఆ ఏడాది మగబిడ్డ పుట్టిన ఇంట్లో 'ఢూండ్' చేస్తారు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, మగవాళ్లు పైన కర్ర పట్టి దాని మీద కర్రలతో తాళం వేస్తూ దీవెనలు పాడతారు. చాలాచోట్ల పేరు పెట్టేదీ ఆ రోజే. అంటే పట్నంలో పిల్లవాడికి చక్కెర 'పేరు' దొరికే రోజున, తండాలో వాడికి అసలు పేరు దొరుకుతుందన్నమాట! తర్వాత తినుబండారాల గిన్నె కోసం పోరు. ఆడవాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాస్తారు. మగవాళ్లు దాన్ని ఎత్తుకుపోవాలి. దెబ్బలు నిజంగానే పడతాయి, వీపులు నిజంగానే కమిలిపోతాయి.

ఢూండ్ జీవితంలో ఒక్కసారే. తొలి హోలీ దాటితే మళ్లీ రాదు. చిక్కంతా అక్కడే ఉంది. చెరకు కొట్టుడు దీపావళి తర్వాత మొదలై హోలీ దాకా, ఒక్కోసారి ఆపైనా సాగుతుంది. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు తండాల నుంచి ఆలుమగలు జోడీగా చెరకు కొట్టడానికి వలసపోతారు. చంటిబిడ్డలూ వాళ్లతోనే, చెరకు ఆకు కప్పిన గుడిసెల్లో. అడ్వాన్సు తీరకముందే పండుగ వస్తే మేస్త్రీ సెలవిస్తాడా? ఇవ్వకపోతే? ఎలాగోలా రెండు రోజులకైనా లారీ ఎక్కి వచ్చేస్తారు. కూలి పోయినా సరే, బిడ్డ ఢూండ్ మాత్రం పోకూడదు.

మరి ఆడబిడ్డ పుడితే? సంప్రదాయం ప్రకారం ఢూండ్ లేదు. లంబాడా ఆడశిశువుల అమ్మకాలు, అక్రమ దత్తతలు 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేశాయి. అది జరిగింది ఇక్కడ కాదు, ఎక్కువగా నల్గొండ వైపు. అయినా ఇంత అందమైన పండుగ ఒళ్లో అమ్మాయికి చోటు లేకపోవడం మనసుకు గుచ్చుకుంటుంది. చక్కెర పేరుకు అలాంటి పట్టింపు లేదు. మేనకోడలైనా మేనల్లుడైనా మామ దండ తేవాల్సిందే.

అమ్ముడుపోని దండలకూ దిగులు లేదు. పదిహేను రోజుల్లో ఉగాది. ఆ రోజు మరాఠీ ఇళ్ల ముందు ఎత్తే గుడి కర్రకు వేపకొమ్మతో పాటు కట్టేది ఈ దండనే. ఈలోపు చీమలు పట్టకుండా చూసుకోవాలి, అంతే.