మా అమ్మ పేరు యశోద కాదు

మా మనవరాలు పుట్టిన పన్నెండో రోజు పంతులుగారు ఫోన్ చేశారు. జ్యేష్ఠా నక్షత్రం, రెండో పాదం. ఆ నక్షత్రానికి నో, యా, యీ, యూ అక్షరాలట. పాపకు 'యా' వస్తుంది, 'య'తో పెట్టుకున్నా పరవాలేదు అన్నారు. ఇరవయ్యొకటో రోజు తొట్టెల. అంటే పేరు వెతకడానికి మాకు తొమ్మిది రోజుల టైముంది.

ఇక ఇల్లంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. అల్లుడు హైదరాబాద్ నుంచి యాషిక, యాన్వి, యాశ్వి అని ఒకదాని వెనక ఒకటి పంపుతున్నాడు. నాకైతే మూడూ ఒక్కలాగే వినిపించాయి. మా అమ్మాయికి ఒక్కటీ నచ్చలేదు.

"ఇట్లాంటియి వద్దమ్మా. రేపు క్లాసుల నలుగురు అన్వీలు ఉంటరు. నాకు పాతకాలం పేరు కావాలె. ఇప్పుడు అవే ట్రెండు" అంది.

లండన్‌లో ఉన్న దాని ఫ్రెండ్ చెప్పిందట, అక్కడ కూడా ముత్తవ్వల నాటి ఫ్లారెన్స్, ఎల్సీ, ఐవీ లాంటి పేర్లు మళ్లీ పసిపిల్లలకు పెడుతున్నారని. మన దగ్గరా అంతే కదా. జానకి, వైదేహి, రుక్మిణి, అహల్య అని మళ్లీ వింటున్నాం. వీటిని వింటేజ్ పేర్లు అంటారని మా అమ్మాయే చెప్పింది.

నేను బాలింతకు ఎల్లిపాయ కారం నూరుతూ అన్నాను, "మనింట్ల జానకి, వైదేహి ఎవ్వరు లేరు బిడ్డా. మా నాయనమ్మ లింగమ్మ. మీ నాయిన వాళ్ల నాయనమ్మ సైదమ్మ. మా చిన్నమ్మలు మల్లమ్మ, ఎల్లమ్మ. మన పాత పేర్లంటే ఇవి."

అది నవ్వింది. నేనూ నవ్వాను.

నిజం చెప్పాలంటే మా వైపు పేర్లు వెతికి పెట్టినవి కావు, మొక్కి పెట్టినవి. యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కితే యాదయ్య, యాదమ్మ, నర్సమ్మ. చెరువుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కితే రామలింగం, లింగమ్మ. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కితే సైదులు, సైదమ్మ. ఆ దర్గాకు హిందువులూ పోతారు, ముస్లింలూ పోతారు, అందుకే ఆ పేరు వినగానే ఎవరిదే కులమో, ఏ మతమో చెప్పలేం. మా అల్లుడిది పాలమూరు. అక్కడ కురుమూర్తి స్వామి పేరు మీద ఊరికి నలుగురు కురుమూర్తులు, కుర్మయ్యలు ఉంటారు. గద్వాల వైపు జములమ్మలు, అలంపురం వైపు జోగులమ్మలు. మనిషి పేరు వింటే వాళ్ల అమ్మానాన్న ఏ గుట్ట ఎక్కి మొక్కుకున్నారో తెలిసిపోయేది.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అమ్మా, అసలు ఇంత కష్టమెందుకు? అమ్మమ్మ పేరే పెడదాం. యశోద. 'య' వచ్చె, పాత పేరాయె. ఎంత బాగుంది!" అంది.

నా చేతిలో రోకలి ఆగిపోయింది.

మా అమ్మ పేరు యశోద కాదు. యాదమ్మ.

యశోద అన్న పేరు నేను పెట్టింది. 1995లో, నా పెళ్లి కార్డు మీద.

అప్పుడు నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. పెళ్లివారు చదువుకున్న కుటుంబం, మామగారు టీచరు. కార్డు మీద ఏం రాయాలో నన్నే రాసిమ్మన్నాడు నాయిన. తల్లిదండ్రుల పేర్ల దగ్గర నాయిన పేరు రాశాను. అమ్మ పేరు రాయబోయి ఆగాను. సినిమాల్లో యాదమ్మ అంటే పనిమనిషే. మా బడిలో ఒక సారు యాదమ్మ అనే పిల్లను సాగదీసి పిలిచి క్లాసంతా నవ్వించేవాడు. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. కార్డు చూసి అత్తగారింట్లో ఏమనుకుంటారో అని యశోద అని రాసి ఇచ్చేశాను. నాయిన చూసుకోలేదు. ప్రెస్సువాళ్లు మూడొందల కార్డులు అచ్చువేసి ఇచ్చారు.

అమ్మ చదువుకోలేదు. అరుగు మీద కూర్చుని కార్డులకు నాలుగు మూలలా పసుపు పెడుతూ, పదో తరగతి చదువుతున్న మా తమ్ముణ్ణి పిలిచి "ఏం రాసిండ్రో ఒక్కసారి సదువు బిడ్డా" అంది. వాడు మొత్తం చదివాడు.

"యశోద ఎవర్రా?" అంది.

వాడు నా వైపు చూశాడు. నేను "నువ్వేనమ్మా. కార్డు మీద అట్లయితే మంచిగుంటది" అన్నాను.

"మంచిగుంటదా" అంది. అంతే. మళ్లీ పసుపు గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆ సాయంత్రం మూడొందల కార్డులకూ పసుపు పెట్టింది. ఒక్కటి కూడా నన్ను పెట్టనియ్యలేదు.

మా అమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. అమ్మమ్మకు వరుసగా ఇద్దరు ఆడపిల్లలు పుట్టి పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు గుట్టకు పోయి, కొండ మీద నిద్ర చేసి, ఈ బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటా అని మొక్కింది. బిడ్డ నిలిచింది. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసే కొట్టేశాను.

పెళ్లయ్యాక అమ్మ మా ఇంటికి వస్తే మా అత్తగారు "యశోదమ్మా" అని ప్రేమగా పిలిచేది. అమ్మ ఒక్క క్షణం ఆలస్యంగా పలికేది. ఆ పేరు తనదేనని గుర్తు చేసుకోవడానికి ఆ మాత్రం టైము పట్టేది. నన్ను మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు. 2006లో పోయింది. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. దానికి ఆమె ఉత్త అమ్మమ్మే. పెళ్లి కార్డు మీద చూసిన పేరే దానికి తెలుసు.

కారం గిన్నె పక్కన పెట్టి ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. ముప్పై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. అది ఆల్బంలోంచి కార్డు తీసింది. చాలాసేపు చూసింది. "పసుపు ఇంకా ఉందమ్మా" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

కాసేపయ్యాక అదే అంది, "యాదమ్మ అని పెడితే ఏమైతది? ఐలమ్మ పేరు యూనివర్సిటీకే పెట్టలేదా?" నిజమే. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఇక ఎందరో ఆడపిల్లలు ఆ పేరున్న పట్టాలు పుచ్చుకుంటారు. గుట్టకు కూడా కొన్నేళ్లు యాదాద్రి అని కొత్త పేరు నడిచింది. మళ్లీ 2024 నవంబరులో యాదగిరిగుట్ట అనే పాత పేరే ఉంటుందని ముఖ్యమంత్రి చెప్పారు. మా ఊరివాళ్లయితే ఆ మధ్యకాలంలో కూడా "గుట్టకు పోతున్నం" అనే అన్నారు.

కానీ పాపను చూడటానికి వచ్చిన మా వియ్యపురాలు ఒప్పుకోలేదు. "వదినా, నాకూ మా అవ్వ పేరు పెట్టిండ్రు. మన్నెమ్మ. బడిల పిల్లలు ఎంత నవ్విండ్రో నాకు ఎరుక. మనం పడ్డది సాలదా? పైగా పెద్దల పేరు పెడితే పిల్లను ఒక మాట తిట్టనీకె కూడ రాదు" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. నాకున్న తప్పు దిద్దుకోవాలన్న ఆరాటాన్ని పసిదాని నెత్తిన పెట్టడం న్యాయమా అని నాకూ అనిపించింది. ఆ పేరు మోయాల్సింది నేను కాదు కదా.

రెండు రోజులు ఎవరమూ పేరు ఊసెత్తలేదు. నమోదు సంగతి మాత్రం అల్లుడు కనుక్కున్నాడు. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి కానీ పేరు అప్పుడే రాయాలని లేదట. ఏడాదిలోపు ఏ ఫీజూ లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాతయితే ఆలస్య రుసుం కట్టి పదిహేనేళ్ల దాకా వీలుంది. ఈ ముక్క తెలిశాక ఇంట్లో అందరికీ కొంచెం ఊపిరాడింది.

పంతొమ్మిదో రోజు మా పెద్ద మేనమామ వచ్చాడు. ఎనభై దాటాయి. పాపను ఒళ్లో పడుకోబెడితే చాలాసేపు మొహంలోకి చూసి, "అచ్చం మా యాదీ తీరుగనే ఉన్నది. గదే నుదురు" అన్నాడు.

యాదీ. ఆయన తన చెల్లెల్ని చిన్నప్పటి నుంచీ అలాగే పిలిచేవాడు. నేనే మర్చిపోయాను.

మా అమ్మాయి తల ఎత్తి నా వైపు చూసింది. "అమ్మా, యాది!"

మన దగ్గర యాది అంటే జ్ఞాపకం. "యాదికొస్తలేదు", "యాది మరిచినవా" అని రోజుకు పదిసార్లు అంటాం. అల్లుడికి ఫోన్ చేస్తే "చిన్నగ ఉంది, బాగుంది" అన్నాడు. వియ్యపురాలు రెండుసార్లు పలికి చూసుకుని, "ఇది మంచిగుంది వదినా. తిట్టనీకె కూడ వస్తది" అని నవ్వింది. ఇక ఇంగ్లిషులో ఎన్ని 'ఏ'లు రాయాలన్న దాని మీద మొగుడూ పెళ్లాలు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఏడాది టైముంది కదా!

తొట్టెల రోజు అల్లుడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశాడు. మేనత్త పాప చెవిలో మూడుసార్లు యాది అని చెప్పింది. అందరూ అయ్యాక నేను వంగి, ఎవరికీ వినపడకుండా పూర్తి పేరు చెప్పాను. యాదమ్మ. పాప నిద్రలోనే ఉంది. నాకు మాత్రం, అంత గట్టిగా పెదవి కదిపి ఆ పేరు పలికి ముప్పై ఏళ్లయింది.

పాత పేర్లు మళ్లీ వస్తున్నందుకు సంతోషమే. జానకి, రుక్మిణి కూడా ఎంతో బాగుంటాయి. అయితే వింటేజ్ లిస్టు తెరిచే ముందు ఒక్కసారి మీ ఇంటి పాత రేషన్ కార్డు కూడా తెరిచి చూడండి. అందులో ఒక పేరు ఉంటుంది. పెట్టకపోయినా పరవాలేదు. మీ అమ్మమ్మ, నాయనమ్మల అసలు పేర్లేమిటో, అవి ఎందుకు పెట్టారో పిల్లలకు చెప్పండి. నేను ముప్పై ఏళ్లు ఆలస్యం చేశాను.