పగటి అరుంధతి

మా యిబ్రహీంపట్నములో నా వివాహము పట్టపగలు జరిగినది. పురోహితుడు మమ్ము పందిరి వెలుపలికి దోడ్కొనిపోయి, ఉత్తరముగా వ్రేలు చూపి, "అరుంధతి కనబడినదా, అమ్మా?" అని యడిగెను. కొండపల్లి కొండలమీది యెండ తప్ప నాకేమియు గనబడలేదు. "కనబడిన"దంటిని. ఇల్లాలినై నేనాడిన మొదటిమాట యబద్ధము.

నలువదియేండ్లు గడచినవి. మొన్న వైశాఖమున, సెలవులకు వచ్చిన మా మనుమరాలు చిన్న దుర్భిణి యొకటి తెచ్చి నన్ను డాబామీదికి బిలిచెను. అందులో వసిష్ఠుని చెంత అరుంధతి తేటగా మెరయుచుండెను. చూడదగిన నక్షత్రమే. చీకటి పడిన పిమ్మట చూపుడని యడుగుట ఆనాడు నాకు తోచలేదు.

"అమ్మమ్మా, సప్తర్షుల చివరనున్న మరీచికి దగ్గరలోనే యింకొక వింత ఉన్నది" అని ఆమె వెదకసాగెను. అది సుడివంటి గెలాక్సీ యట. 1773లో ఫ్రాన్సు దేశపు మెస్సియర్ దానిని కనుగొని తన పట్టికలో 51వదిగా వ్రాసికొనెను. ఆయనకది మసకమచ్చ మాత్రమే. 1845లో ఐర్లండున రాస్ ప్రభువు 72 అంగుళముల దర్పణముగల దుర్భిణితో జూచి, దాని సుడిని స్వహస్తమున చిత్రించెను. అట్టి సుడులు మన పాలపుంతకు వెలుపలి లోకములని 1920లలో హబుల్ పరిశోధనలవలన తేలినది. నేడు మనకందు దాని వెలుగు రెండుకోట్ల యేండ్లకు పైగా పూర్వమే బయలుదేరినది. దాని ప్రక్కనొక చిన్న గెలాక్సీ కలదు. ఆ చిన్నదాని యాకర్షణ వలననే పెద్దదాని బాహువులంత స్ఫుటముగా నున్నవని శాస్త్రజ్ఞులు తలంతురు. సహచరి వట్టి నీడ గాదన్నమాట!

అయినను ఆ రాత్రి వీథిదీపముల వెలుగులో ఆ మసకమచ్చయు మాకు చిక్కలేదు. పుస్తకములో దాని చిత్రమును చూచిన పిల్ల. కనబడినదనుట యామెకు సులభమే. "నాకు కనబడలేదు, అమ్మమ్మా. దీపాలు లేని చోటికి వెళ్ళి మళ్ళీ చూద్దాము" అనెను. ఆ మాటలో సిగ్గు లేదు. నా కన్నులు చెమర్చినవి.

సోదరీమణులారా! అరుంధతీదర్శనమును మానుడని నేననను, నిజముగా చూపుడనుచున్నాను. పెండ్లికూతురు "కనబడలే"దన్నయెడల కసరక, చీకటి పడువరకు ఆగుడు. చూడనిదానిని చూచితినని తలయూచుట అక్కడనే యలవాటైనచో, అత్తవారింట మరెన్నింటికి తలయూపవలసివచ్చునో నేనెరుగుదును.