కొలిచి పోసిన గ్లాసు నీళ్లు



ఆదివారం సేవకునికి తీరిక ఉండదు గనుక, మొన్న మే నెలలో ఒక సోమవారం నాడు అమలాపురం నుండి రాజోలుకు మోటారు సైకిలు మీద ప్రయాణమయ్యాను. నాతో కలిసి వేదాంత పాఠశాలలో చదివిన మిత్రుడొకడు ఆ ప్రాంతంలో సంఘ కాపరి. అతనికి ఒంట్లో బాగుండడం లేదని ఎవరి ద్వారానో తెలిసింది. కొత్తపేట దగ్గర సేవ చేస్తున్న మరో సహపాఠి అంబాజీపేట సెంటర్లో నన్ను కలుసుకున్నాడు. బోడసకుర్రు వంతెన మీదుగా వెళితే నాకు దగ్గర. అయినా అతని కోసం ఈ దారిన వచ్చాను.

అంబాజీపేట అంటేనే కొబ్బరి. రోడ్డు ప్రక్కన కాయల రాశులు, పీచు గుట్టలు, చెట్ల నీడన కూర్చున్న దింపు కార్మికులు. రోగిని చూడటానికి ఉత్త చేతులతో వెళ్లకూడదని ఒక గెల కొబ్బరి బొండాలు కొని బండికి కట్టుకున్నాం. మాకోసం మాత్రం ఒక మంచినీళ్ల సీసా అయినా తెచ్చుకోలేదు.

పి.గన్నవరం చేరేసరికి ఎండ మాడు మీదికి వచ్చింది. అక్విడెక్టు దగ్గర కాసేపు ఆగాం. క్రింద వైనతేయ నది, దాని మీదుగా వంతెన ఎక్కి పోయే కాలువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన రోజుల్లోనే, కాటన్ దొర క్రింద పనిచేసిన హేగ్ అనే ఇంజనీరు ఇక్కడ 49 ఖానాల పాత అక్విడెక్టు కట్టించాడు. నది దాటించి నాగుల్లంక వైపు లంకలకు నీళ్లిచ్చింది అదే. దాని ప్రక్కనే 2000లో వచ్చిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో, ఏ వేళ వచ్చిన బాటసారికైనా కులం అడగకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. 1909లో కన్నుమూశారు. నీళ్లిచ్చినవారి గుర్తు, అన్నం పెట్టినవారి గుర్తు ఒకేచోట నిలిచి ఉన్నాయి.

"ఒంట్లో ఎలా ఉందిరా?" అని అడిగాను.

"ప్రభువు కృప. బాగానే ఉన్నాను. నువ్వో?"

"నేనూ బాగానే ఉన్నాను."

ఇద్దరం అబద్ధమే చెప్పాం. ఆ సంగతి సాయంత్రానికి గాని బయటపడలేదు.

రాజోలు మిత్రుని ఇంట అడుగుపెట్టి బొండాలు వరండాలో దించాం. అతని భార్య వాటిని చూసి కొంచెం తటపటాయించింది. "ఆయ్, ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. ఆయనకు కొబ్బరినీళ్లు ఇవ్వకూడదన్నారండి డాక్టరుగారు" అంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తంలో పొటాషియం నిలిచిపోతుందట. కొబ్బరినీళ్లలో అది ఎక్కువ. హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది. కోనసీమలో పుట్టి, పెరటి చెట్టు బొండం త్రాగడానికి వీలులేని మనిషి నా మిత్రుడు.

వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం ఆమె ప్రొద్దుటే ఒక సీసాలో నీళ్లు పోసి ఉంచుతుంది. మాత్రలు మింగినా, గొంతు తడుపుకున్నా అందులోంచే. సీసా అయిపోతే ఇక మర్నాడే. మా ఇద్దరికీ చెంబుతో చల్లని నీళ్లు తెచ్చి, అతనికి చిన్న స్టీలు గ్లాసులో సగం పోసింది. "మీరు కడుపారా త్రాగండిరా, నేను చూస్తాను" అన్నాడు నవ్వుతూ. మాకు ముద్ద మింగుడుపడలేదు.

అతనికి రక్తపోటు ఉన్నట్లు చాలాకాలం క్రిందటే తెలిసింది. మందు బిళ్లలు కొన్నాళ్లు వేసుకుని మానేశాడు. మోకాళ్ల నొప్పులకు డాక్టరును అడగకుండా రోజూ కొట్టులో నొప్పి బిళ్లలు కొని మింగాడు. అదుపులో లేని రక్తపోటు, షుగరు మూత్రపిండాలను లోలోపల పాడుచేస్తాయి. ఏళ్ల తరబడి వాడిన నొప్పి బిళ్లలు కూడా అంతే. కాళ్లు వాచినప్పుడు వేడి చేసిందనుకున్నాడు.

"మాకు ఒక్క మాట చెప్పలేదేమిరా?" అని అడిగాను.

"పదిమంది రోగుల కోసం ప్రార్థన చేసే కాపరి తన జబ్బు చెప్పుకుంటే, విశ్వాసం లేదనుకుంటారేమోనని..." అన్నాడు.

ప్రియులారా, పౌలు అలా అనుకోలేదు. తిమోతి కడుపు జబ్బు, తరచు వచ్చే బలహీనత ఆయనకు తెలుసు. పత్రికలో దానికి సలహా కూడా వ్రాశాడు (1 తిమోతి 5:23). ఆ వచనాన్ని వేరే పానీయాలకు వాడుకునేవారి సంగతి అటుంచండి. తిమోతి తన బాధ చెప్పుకున్నాడు, పౌలు విన్నాడు. యోహాను కూడా గాయుకు వ్రాస్తూ అతని ఆరోగ్యం కోసం ప్రార్థించాడు (3 యోహాను 2). అలసి సొలసి చావు కోరుకున్న ఏలీయాను దూత మొదట గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి లేపాడు (1 రాజులు 19). శరీరాన్ని చూసుకోవడం అవిశ్వాసం కాదు.

తిరుగు దారిలో మళ్లీ అక్విడెక్టు దగ్గర బండి ఆపాం. ఈసారి నిజాలు చెప్పుకున్నాం. కొత్తపేట మిత్రునికి రెండుసార్లు మూత్రంలో రాయి వచ్చిందట. మీటింగుల మధ్య లేవవలసి వస్తుందని నీళ్లు త్రాగడం తగ్గించాడట. నా రక్తపోటు బిళ్లలు రెండు నెలలుగా అల్మారాలోనే ఉన్నాయి. ఆ వారమే ఇద్దరం పరీక్షలు చేయించుకున్నాం.

ఇంటికి వచ్చి మా అమ్మగారితో చెప్పాను. ఆమె స్త్రీల సమాజంలో ఈ మాట ఎత్తింది. ఊడ్పులకు వెళ్లే తల్లులు ఒక్కొక్కరే నోరు విప్పారు. చేల గట్ల మీద చాటు లేదని ప్రొద్దుటి నుండి నీళ్లు త్రాగరట. మూత్రంలో మంట, నడుము నొప్పి, చలిజ్వరం వచ్చినా సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరట. ఒకే వరుసలో నాట్లు వేసినవారికి కూడా ఒకరి బాధ ఒకరికి తెలియదు!

అందుచేత మా సంఘంలో చెప్పుకున్న మాటలు మీకూ వ్రాస్తున్నాను. ఎండలో పనిచేసేవారు దాహం వేసేదాకా ఆగక, పావుగంటకో ఇరవై నిమిషాలకో కొన్ని నీళ్లు త్రాగాలి. మజ్జిగ, గంజి, తరవాణి మన పెద్దలు ఎరిగిన మంచి పానీయాలే. మూత్రం ముదురు పసుపుగా వస్తే ఒంట్లో నీరు తగ్గిందని గుర్తు. ముసలివారికి దాహం తెలియదు గనుక మనమే అందించాలి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తల కొట్టిన కొలతతో కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా సోకినవారిని డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణంతోనే కాపాడాడు. వడదెబ్బకు స్పృహ తప్పినవారి నోట నీళ్లు పోయకండి. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసురుతూ 108కి ఫోను చేయండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

ఈ సార్వా నాట్ల నుండి మా మందిరం ఆవరణలోని మరుగుదొడ్డికి పగలు తాళం వేయడం లేదు. గుమ్మం దగ్గర మంచినీళ్ల కుండ ఉంచాం. ఏ మతంవారైనా, ఏ కులంవారైనా వాడుకోవచ్చు. రాజోలు మిత్రునికి ప్రతి సోమవారం ఫోను చేస్తున్నాం. "ఎలా ఉన్నావురా?" అని ఇప్పుడు అతనే ముందు అడుగుతాడు. మేము నిజమే చెబుతున్నాం.

మీ స్నేహితుని కూడా ఈ వారం ఒకసారి అడగండి. జవాబు వినేదాకా ఆగండి.